ఇనుముకూ అలసట ఉంది

మనుషులకు అలసట అంటే సరే, ఇనుముకు అలసట ఏమిటండీ అంటారా? ఓ సన్నని తీగ తీసుకుని ఒకేచోట అటూ ఇటూ వంచి చూడండి. గట్టిగా లాగినా తెగని తీగ, పదిసార్లు వంచేసరికి పుటుక్కున తెగుతుంది. బరువు ఎక్కువై కాదు, మాటిమాటికీ పడిన శ్రమవల్ల. దీన్నే లోహపు అలసట అంటారు. మనం ఓ కునుకు తీస్తే తేరుకుంటాం. లోహంలో పడిన బీట మాత్రం ఎంత విశ్రాంతి ఇచ్చినా మానదు.

తార్నాకలో కాపురముండేవారికీ, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో చదువుకునే పిల్లలకూ రైలు చప్పుడు పరిచయమే. దగ్గర్లోని లాలాగూడలో రైలుపెట్టెలు బాగుచేసే వర్క్‌షాపు 1893 నాటిది. ఆ పెట్టెల బరువుకు ఇరుసు కంటికి కనబడనంత వంగుతుంది. పైవైపు సాగుతుంది, కిందివైపు నొక్కుకుంటుంది. అరచుట్టు తిరిగేసరికి పైది కిందికి, కిందిది పైకి! కిలోమీటరుకు సుమారు 350 చుట్లు. సికిందరాబాదు నుంచి విజయవాడ చేరేసరికి లక్ష దాటుతాయి. 19వ శతాబ్దంలో జర్మనీ ఇంజనీరు వోలర్ ఇరుసులను యంత్రాలమీద తిప్పి, ఎంత బరువుకు ఎన్ని చుట్లు ఓర్చుకుంటాయో లెక్క తేల్చాడు. ఇంజనీరింగ్ విద్యార్థులు నేటికీ ఆ లెక్క నేర్చుకుంటారు.

పైన గీత పడినచోటో, లోపల నలుసు ఉన్నచోటో వెంట్రుకవాసి బీట పుడుతుంది. మెల్లగా పాకుతుంది. మిగిలిన భాగం మోయలేని రోజున ఒక్కసారిగా విరుగుతుంది. 1954లో రెండు కామెట్ విమానాలు గాలిలోనే విచ్చిపోవడానికి కారణం ఈ అలసటే. అందుకే మన కంచన్‌బాగ్‌లో 1973లో ఏర్పడిన మిధానివంటి చోట్ల, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, గాలి తీసేసిన కొలిమిలో మిశ్రమలోహాలను కరిగించి మలినాలు తగ్గిస్తారు. అంత మేలైన లోహంతో చేసిన విమాన భాగాలకు కూడా ఇంతకాలానికి మార్చాలని గడువు పెడతారు.

మరి మన ఇంట్లో? సీలింగు ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే, ఎనిమిది గంటల రాత్రికి 1,44,000. ఊగుతూ తిరిగే ఫ్యాను ప్రతి చుట్టుకూ తన రాడ్డును ఓసారి వంచుతుంది. ఒక్క రాత్రికే విజయవాడ ప్రయాణమంత శ్రమన్నమాట! ‘ఏళ్ళుగా ఊగుతోంది, ఏం కాలేదు’ అని ధీమా పడకండి. ఏళ్ళుగా ఊగడమే ప్రమాదం. ఫ్యాను ఊగినా, కొత్తగా కిర్రుమన్నా వెంటనే ఆపేయండి. దాని కింద పిల్లల్ని పడుకోబెట్టకండి. ఎలక్ట్రీషియన్ని పిలిచి కొక్కెం, రాడ్డు, బోల్టులు విప్పి చూడమనండి. బీట కనబడితే అతుకు వేయించి సరిపెట్టుకోకుండా కొత్తదే వేయించండి.