నంది కొండ ద్రాక్ష, ఆండీస్ కొండల ద్రాక్ష



చిక్కబళ్లాపురం సంతలో చెనిక్కాయలు కొంటే కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఒకనాడు మా తొమ్మిదో తరగతి అమ్మాయి అలాంటి పొట్లం కాగితం ఒకటి విప్పి, చదును చేసి, భూగోళం పాఠం వేళకు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఏదో యాత్రల కంపెనీవారి ఇంగ్లీషు ప్రకటన అది. దక్షిణ అమెరికాలో పన్నెండు రోజుల యాత్ర. ద్రాక్షతోటలు చూపిస్తారట, తోట తోటలోనూ వైను రుచి చూపిస్తారట, పెద్ద పట్టణాల్లో విందు భోజనాలు పెట్టిస్తారట. మనిషికి ఖర్చు లక్షల్లో ఉంది.

ఆ అమ్మాయి నాన్న ఎకరన్నరలో ద్రాక్ష సాగు చేస్తాడు. ఆమె అడిగింది ఒక్క మాట. "సార్, ద్రాక్షతోట చూసేదానికి అంత దూరం, అంత దుడ్డు పెట్టి పోతారా? మా తోట బెంగళూరుకు గంటన్నర దారే గదా. మా తోటకు ఎవరూ రారెందుకు?"

ఆ పూటకు ఏదో చెప్పి గంట కొట్టేదాకా గడిపాను. ఇంటికి పోయాక ఆ ప్రశ్న వదల్లేదు. దానికి సరైన జవాబు చెప్పాలంటే ఆ యాత్ర ఏమిటో మనమూ ఒకసారి చేసి రావాలి అనిపించింది. టిక్కెట్టు అక్కర లేదు, గోడ మీది పటం చాలు. మీరూ నాతో రండి.

ముందుగా ఒక మనవి. నేను వైను తాగేవాణ్ణి కాను. మిమ్మల్ని తాగమని చెప్పడానికీ రాలేదు. మందు వల్ల చెడిన ఇళ్లు నా విద్యార్థుల కుటుంబాల్లోనే ఎన్నో చూశాను. నేను చెప్పబోయేది ద్రాక్షతీగ గురించి, ఆ తీగకు పోసే నీళ్ల గురించి.

యాత్ర చిలీ దేశపు రాజధాని శాంతియాగోలో మొదలవుతుంది. చిలీ ఒక పొడుగాటి పట్టీలాంటి దేశం. తూర్పున ఆండీస్ పర్వతాలు, పడమట పసిఫిక్ సముద్రం. రెంటి నడుమ లోయల్లో ద్రాక్షతోటలు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో చిలీ ధనికులు ఫ్రాన్సు నుంచి ద్రాక్ష కొమ్మలు తెప్పించి నాటించారు. ఆ తరువాత 1860ల నుంచి ఫ్రాన్సులో ఒక ఉపద్రవం వచ్చింది. ఫిలాక్సెరా అనే చిన్న పురుగు ఉత్తర అమెరికా నుంచి ఓడల్లో చేరి, ఐరోపా ద్రాక్షల వేళ్లను తొలిచేసింది. తోటలకు తోటలే ఎండిపోయాయి. ఆ పురుగు చిలీకి చేరలేదు. ఎత్తైన కొండలు, ఎడారి, సముద్రం ఆ దేశానికి కోటగోడల్లా నిలిచాయి.

అందుకే అక్కడ ఒక విచిత్రం జరిగింది. కార్మెనేర్ అనే పాత ఫ్రెంచి రకం ఫ్రాన్సులో దాదాపు మాసిపోయింది. చిలీలో మాత్రం అదే తీగ మెర్లో అనే వేరే రకం తోటల్లో, మెర్లో అనే పేరు మీదే నూరేళ్లకు పైగా బతికింది. 1994లో బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చి ఆకును, పూతను పరీక్షించి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని తేల్చాడు. పేరు మారినా తీగ తన గుణం మార్చుకోదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో మనకు తరువాత పని ఉంది.

ఇక ఆండీస్ పర్వతాలు దాటి తూర్పుకు దిగితే అర్జెంటీనాలోని మెందోజా పట్టణం. ఆ దేశపు వైనులో ఎక్కువ భాగం ఈ సీమ నుంచే వస్తుంది. మెందోజా ద్రాక్షకు మూలపురుషుల్లో ఒకడు మాబోటి బడిపంతులే. అతని పేరు సర్మియెంతో. బడిలో పిల్లలకు పాఠాలు చెప్పి, తరువాత 1868 నుంచి 1874 దాకా అర్జెంటీనా అధ్యక్షుడుగా పనిచేశాడు. అతను పోయిన సెప్టెంబరు 11వ తేదీని అక్కడ ఉపాధ్యాయ దినంగా జరుపుకుంటారు. 1853లో అతని ప్రోద్బలంతోనే పూజె అనే ఫ్రెంచి వ్యవసాయ నిపుణుడు మెందోజాలో పైరుల బడి పెట్టాడు. మాల్బెక్ అనే రకాన్ని తెచ్చి నాటింది ఆయనే. నేడు ఆ దేశానికి పేరు తెచ్చిన ద్రాక్ష అదే.

శ్రోతలారా, మెందోజాలో ఏడాదికి పడే వాన సుమారు రెండు వందల మిల్లీమీటర్లు. మన చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏడు వందలకు అటూ ఇటూ పడుతుంది. అంటే మనకు వాళ్లకంటే మూడింతల వాన. మరి వాళ్ల తోటలు పచ్చగా ఎలా ఉన్నాయి?

జవాబు కొండమీది మంచులో ఉంది. ఎండాకాలంలో ఆండీస్ మంచు కరిగి వాగుల్లోకి దిగుతుంది. స్పెయిన్‌వాళ్లు రాక ముందే హువార్పే అనే అక్కడి ఆదివాసులు ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి మొక్కజొన్న పండించేవారు. ఆ కాలువలే పెరిగి పెద్దవయ్యాయి. ఈనాటికీ మెందోజా పట్టణంలో వీధి పక్కన, చెట్ల మొదట్లో, చిన్న కాలువలు పారుతుంటాయి. 1884లో వాళ్లు ఒక నీటి చట్టం చేసుకున్నారు. నీటి హక్కు భూమితో పాటే పోతుంది, నీళ్లు విడిగా అమ్ముకునేదానికి లేదు. ఏ కాలువ కింది రైతులు ఆ కాలువకు ఒక పెద్దను ఎన్నుకుంటారు. ఎవరి వంతు ఎప్పుడు, ఎంతసేపు అనేది ఆయన చూస్తాడు.

ఆ నీటి మీద అక్కడి జనానికి ఎంత పట్టుదల ఉందో చెప్పే సంగతి ఒకటి 2019 డిసెంబరులో జరిగింది. గనుల పనిలో సయనైడు వంటి రసాయనాలు వాడుకోవడానికి వీలిచ్చే మార్పును అక్కడి ప్రభుత్వం చట్టంలోకి తెచ్చింది. మా నీళ్లు పాడవుతాయని వేలాది జనం వీధుల్లోకి వచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆ మార్పును రద్దు చేయవలసి వచ్చింది.

మెందోజా నుంచి యాత్ర రాజధాని బ్యూనస్ ఐరెస్‌కు పోతుంది. అక్కడ మాంసం నిప్పుల మీద నెమ్మదిగా కాల్చి పెడతారు, దాని పేరు అసాదో. మన కజ్జికాయ ఆకారంలో లోపల మాంసమో, జున్నో పెట్టి కాల్చిన ఎంపనాదాలు పెడతారు. వీటిని గురించి ఎక్కువ చెప్పను. ఆ ఖండం వంట మన వంటింట్లోకి ఎప్పుడో వచ్చేసింది. చింతామణి మార్కెట్టులో బుట్టలకు బుట్టలు దిగే టమాటా మూలం ఆండీస్ కొండల వాలు. మన ఉర్లగడ్డకు పుట్టిల్లు పెరూ, బొలీవియా ఎత్తుభూములు. రాగిముద్దలోకి నూరుకునే ఊరిబిండిలో చెనిక్కాయలు, మిరపకాయలు రెండూ ఆ వైపు నుంచి వచ్చినవే. పితికిన పప్పు పులుసు మాత్రం అచ్చంగా మనది, అందులో వేసే మిరపకాయ కాదు.

యాత్రలో చివరి మజిలీ ఆ ప్రకటనలో లేదు. నేనే చేర్చాను. బ్రెజిల్ దేశపు దక్షిణ కొసన కొండసీమలో బెంతో గోన్సాల్వెస్ అనే ఊరు ఉంది. 1875 నుంచి ఇటలీ పేదరైతులు వచ్చి అక్కడ స్థిరపడ్డారు. వాళ్లు పందిళ్లు వేసి పెంచిన ద్రాక్ష పేరు ఇసబెల్. నల్లగా, గుండ్రంగా, తోలు మందంగా, గుజ్జు జారుడుగా, దూరం నుంచే గుప్పుమనే వాసనతో ఉంటుంది. ఈ గుర్తులు వింటే మీకు ఏ పండు మనసులో మెదులుతోంది? అవును. మన బెంగళూరు బ్లూ అదే రకం అని ద్రాక్ష శాస్త్రం తెలిసినవారు చెబుతారు. చిలీలో కార్మెనేర్ మెర్లో అయినట్టు, ఉత్తర అమెరికాలో పుట్టిన ఇసబెల్లా మన నంది కొండ కింద బెంగళూరు బ్లూ అయింది. నూటయాభై ఏళ్లుగా ఇక్కడ ఉంది. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఈ రకానికి వైను పెద్దల దగ్గర గౌరవం లేదు. ఫ్రాన్సు 1930ల్లో దీన్ని నిషేధించింది కూడా. బ్రెజిల్ రైతులు దానికేం దిగులు పడలేదు. మామూలు వైనుకు, అంతకంటే ముఖ్యంగా సీసాల్లో పట్టే ద్రాక్షరసానికి దాన్నే వాడుకున్నారు. 1931లో ఆ ఊళ్లో పదహారు కుటుంబాలు కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నాయి. నేడు అందులో వెయ్యికి పైగా రైతు కుటుంబాలు ఉన్నాయి. పండు ఎవరికో తూకం వేసి ఇచ్చేసి చేతులు దులుపుకోకుండా, రసం తీసే మిల్లులో కూడా వాళ్లు భాగస్తులయ్యారు. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేననను. 2023లో ఆ ఊళ్లో ద్రాక్షకోతకు తెచ్చిన రెండు వందల మందికి పైగా కూలీలను అధికారులు వెట్టిచాకిరీ నుంచి విడిపించారు. యాత్రికులకు ఇలాంటివి చూపించరు. మనం చూడాలి.

ఇక తిరిగి మన ఊరికి వద్దాం. మన దగ్గరికి ఎవరూ రారు అనడం పూర్తిగా నిజం కాదు. నంది కొండ పాదాన, దొడ్డబళ్లాపురం తాలూకాలో, 1988లో గ్రోవర్‌వారు వైను ద్రాక్షతోట పెట్టారు. ఫ్రాన్సు రకాలు నాటారు. మిషెల్ రోలాన్ అనే పేరుమోసిన ఫ్రెంచి నిపుణుడు వాళ్లకు సలహాలిచ్చాడు. ఆయనే మెందోజాలోనూ తోటలు పెట్టించాడు. కర్ణాటక ప్రభుత్వం 2007లో వైను విధానం ప్రకటించింది. సెలవు రోజుల్లో బెంగళూరు నుంచి కార్లు వస్తాయి, తోటలో తిప్పి చూపిస్తారు, రుచి చూపిస్తారు. తీగ పని కూడా పోల్చదగిందే. ఇక్కడా అక్కడా వైను ద్రాక్ష కోతకు వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపలే. వాళ్ల తీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మన తీగకు నిద్ర లేదు. ఏడాదికి రెండుసార్లు కొమ్మ కత్తిరిస్తాం. బెంగళూరు బ్లూ అయితే రెండు పంటలూ ఇస్తుంది.

నిద్ర లేని తీగకు నీళ్లు కావాలి. ఆ నీళ్లు ఎక్కడివి? ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి, పాపాఘ్ని, ఇవన్నీ నంది కొండల చుట్టుపక్కల పుట్టిన నదులే. పుట్టినిల్లు మనది, నీళ్లు మాత్రం మనకు లేవు. బాగేపల్లి పక్కన చిత్రావతిలో ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపిస్తుంది. మన పెద్దలకు మంచుకొండ లేదు గనుక వాళ్లు చెరువులు తవ్వారు. పాత కోలారు జిల్లాలో నాలుగు వేలకు పైగా చెరువులు ఉండేవి. ఒక చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేది. తూము ఎత్తడానికి, ఎవరి మడికి ఎంతసేపు అని చూడడానికి ఊరికొక నీరుగంటి ఉండేవాడు. మెందోజా రైతులు ఎన్నుకునే కాలువ పెద్ద పని, మన నీరుగంటి పని ఒకటే.

తరువాత బోరుబావులు వచ్చాయి. చెరువు నీళ్లకు వంతు ఉంది, బోరు నీళ్లకు వంతు లేదు. ఎవరి పొలంలో వాళ్లు తవ్వుకున్నారు. పక్కవాడు ఆరు వందల అడుగులు పోతే మనం ఎనిమిది వందలు. నేడు వెయ్యి అడుగులు దాటినా తడి తగలని చోట్లు ఉన్నాయి. తగిలిన నీటిలో ఫ్లోరైడు. 2016 మార్చిలో రైతులు ట్రాక్టర్లు కట్టుకుని నీళ్లకోసం బెంగళూరు దారి పట్టారు. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు, ఆ తరువాత చిక్కబళ్లాపురం చెరువులకు పంపుతున్నారు. చెరువు నిండితే సంతోషమే. ఆ నీరు తాగడానికి కాదు, భూమిలోకి ఇంకడానికి. ఇంకిన నీటిని మళ్లీ ఎవరికి వారు లాగేస్తే, నింపినందువల్ల ఫలమేముంది?

ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. "అమ్మా, మీ నాన్న పండు తక్కువది కాదు. అదే పండుతో బ్రెజిల్‌లో వెయ్యి ఇళ్లు గడుస్తున్నాయి. మన వాన తక్కువది కాదు. మెందోజాకు దానిలో మూడో వంతే. వాళ్లు నీటికి లెక్క పెట్టుకున్నారు, పండుకు సంఘం పెట్టుకున్నారు. ఆ రెండూ ఉన్నచోట తోట పది తరాలు నిలుస్తుంది. నిలిచిన తోటను చూసేదానికి జనం వస్తారు."

ఆమె కాసేపు తల వంచుకుని, "సార్, మా బోరు ఎండిపోయింది. నాన్న పోయిన నెల సగం పందిరి తీసేశాడు" అంది. ఆ మాట ముందే చెప్పలేదేమమ్మా అని అడగలేకపోయాను.

ఆ వచ్చిన శనివారం పిల్లలందరినీ ఊరి చెరువు కట్టకు తీసుకుపోయాను. నీరుగంటి ఇంటి పెద్దాయన ఒకరు వచ్చి, పూడిపోయిన తూము ఎక్కడుందో కర్రతో చూపించారు. ఏ కయ్యకు ఎన్ని గడియల నీళ్లో ఆయనకు ఇంకా నోటికి వచ్చు. ఆయన చెబుతుంటే ఆ అమ్మాయి భూగోళం నోటుపుస్తకంలో, మెందోజా కాలువల బొమ్మ పక్కనే, మా చెరువు తూము బొమ్మ వేసుకుని ఆ లెక్కంతా రాసుకుంది. ఆ లెక్క ఊరి సభలో ఒకసారి చదివి వినిపించమని పిల్లలకు చెప్పాను. మీ ఊళ్లోనూ అలాంటి పెద్దలు ఉంటే, వాళ్లు ఉండగానే అడిగి రాసిపెట్టుకోండి.