ఎర్ర తుప్పు, పసుపు తుప్పు

డర్బన్‌లో బెరియా కొండ మీద ఎక్కడైనా పునాది తవ్వుతుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. ఆ ఇసుక ఎర్రగా ఉంటుంది. అక్కడి నుంచి లోపలికి, పొగమంచు కమ్మే ఎత్తు ప్రాంతాలకు వెళ్లండి. రోడ్డు కోసం కోసిన గట్లలో కొన్నిచోట్ల పైన నల్లమట్టి, దాని కింద పసుపు మట్టి, ఇంకా కింద ఎర్రమట్టి కనిపిస్తాయి. ఎరుపైనా పసుపైనా రంగు ఇచ్చింది ఇనుమే. మరి రెండు రంగులు ఎందుకు?

మేకును వానలో వదిలేస్తే తుప్పు పడుతుంది కదా. రాళ్లలోని ఇనుముకూ అలాంటిదే జరుగుతుంది. చాలాసార్లు మొదట ఏర్పడేది ఫెర్రిహైడ్రైట్ అనే గోధుమరంగు ఖనిజం. దాని రేణువుల పరిమాణం కొన్ని నానోమీటర్లే. మిల్లీమీటరును పదిలక్షల భాగాలు చేస్తే ఒక్క భాగం నానోమీటరు. ఈ రేణువుల లోపల అణువులు సరిగ్గా వరుసలో ఉండవు. అందుకే ఇది నిలకడ లేని ఖనిజం. కాలం గడిచేకొద్దీ స్ఫటికంగా మారుతుంది. స్ఫటికంలో అణువులు ఒక క్రమంలో పేర్చి ఉంటాయి. ఉప్పు, పటికబెల్లం మీకు తెలిసిన స్ఫటికాలే.

ఈ మార్పుకు ముఖ్యంగా రెండు దారులు ఉన్నాయి. వేడిగా, పొడిగా ఉన్నచోట రేణువులు గుమిగూడి, తమలోని నీటిని వదిలి, హెమటైట్ అవుతాయి. అది ఎరుపు. జేగురులోని ఎరుపు అదే. చల్లగా, తడిగా ఉన్నచోట అవి కొద్దికొద్దిగా నీటిలో కరిగి, గోథైట్‌గా మళ్లీ పేరుకుంటాయి. అది పసుపు. గోథైట్‌ను బాగా కాలిస్తే నీరు పోయి హెమటైట్ అవుతుంది. అందుకే పసుపు మట్టితో చేసిన కుండ ఆవంలో ఎర్రబడుతుంది.

ఆమ్లం కూడా దారి మారుస్తుంది. ఉడో ష్వెర్ట్‌మన్, ఎన్వర్ మురాద్ అనే శాస్త్రవేత్తలు ఫెర్రిహైడ్రైట్‌ను 24 డిగ్రీల దగ్గర 3 ఏళ్ల వరకు నీటిలో ఉంచి చూశారు. 1983లో ఫలితాలు ప్రచురించారు. పిహెచ్ 7, 8 మధ్య హెమటైట్ ఎక్కువగా వచ్చింది. పిహెచ్ 4 దగ్గర, 12 దగ్గర గోథైట్ ఎక్కువగా వచ్చింది.

ఇది రంగుతో ముగిసే కథ కాదు. 1913 సమ్మెలో న్యూకాసిల్ ప్రాంతపు బొగ్గు గనుల్లో మనవాళ్లు పని మానేశారని మీరు వినే ఉంటారు. బొగ్గుతోపాటు పైరైట్ ఉంటుంది. అది ఇనుము, గంధకం కలిసిన ఖనిజం. గని మూసేశాక కూడా దానికి గాలి, నీరు తగిలితే ఆమ్లపు నీరు పుడుతుంది. అలాంటి నీరు చేరిన వాగుల్లో నారింజరంగు బురద పేరుకుంటుంది. నీటిలో ఆమ్లం బాగా ఉంటే ఆ బురదలో తరచు ఉండే ఖనిజం ష్వెర్ట్‌మన్నైట్. దానికి ఆ శాస్త్రవేత్త పేరే పెట్టారు.

ఇదీ నిలకడ లేనిదే. గోథైట్‌గా మారుతూ ఆమ్లాన్ని, సల్ఫేటును నీటిలోకి వదులుతుంది. చిన్న రేణువులు ఆర్సెనిక్ లాంటి విషాన్ని తమ పైభాగంలో పట్టి ఉంచుతాయి. స్ఫటికాలు పెరిగితే ఆ పట్టుకునే చోటు తగ్గుతుంది. కొంత విషం స్ఫటికంలోనే చిక్కుకోవచ్చు, కొంత నీటిలోకి రావచ్చు.

కాబట్టి అలాంటి వాగు పక్కన బురద కదలకుండా ఉంటే, అంతా సర్దుకుందని అనుకోకండి. ఆ నీటిని ఒక్కసారి పరీక్షిస్తే చాలదు. ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ఉండాలి. మీ ఊరి దగ్గర పాత గని ఉంటే, ఆ పరీక్షలు ఎవరు చేస్తున్నారో అడగండి.