ఎముకలో బెలూన్

"ఎముకలోపల బెలూన్ ఊదితే ఎముక పగిలిపోదా మాస్టారూ?" తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. వాళ్ల అమ్మమ్మ వెన్నుపూసకి ఆ వైద్యమే చేశారట. చాలా మంచి ప్రశ్న. ఆ పరికరం గొప్పతనమంతా దాని జవాబులోనే ఉంది.

అసలు ఆ పూస అప్పటికే నలిగి ఉంటుంది. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లు వంగి బిందె ఎత్తినా, ఒక్కోసారి గట్టిగా దగ్గినా చాలు, పూస ముందుభాగం కుంగిపోతుంది. వెనక ఎత్తు అలాగే ఉంటుంది కనుక వీపు ముందుకు వంగుతుంది. చాలామందికి నొప్పి మాత్రలు, నడుం పట్టీ, కాస్త విశ్రాంతితో కొన్ని వారాల్లో నొప్పి తగ్గుతుంది. తగ్గనివాళ్ల సంగతే చిక్కు.

1984లో ఫ్రాన్స్‌లోని ఆమియాన్‌లో గాలిబేర్, దెరామోన్ అనే వైద్యులు రక్తనాళాల గడ్డ తొలిచేసిన ఒక మెడపూసలోకి సూదితో ఆక్రిలిక్ సిమెంటు ఎక్కించారు. పొడినీ ద్రవాన్నీ కలిపితే నిమిషాల్లో గట్టిపడే ఈ సిమెంటు తుంటి కీళ్ల మార్పిడిలో అప్పటికే వాడుకలో ఉంది. తర్వాత గుల్లబారిన పూసలకీ ఇదే పద్ధతి వచ్చింది. దాని పేరు వర్టెబ్రోప్లాస్టీ. కానీ పూస లోపలి సన్నని ఎముక పుల్లల సందుల్లోకి దూరాలంటే సిమెంటు పలచగా ఉండాలి, గట్టిగా నెట్టాలి. అలా నెడితే పగుళ్లలోంచి వెన్నుపాము వైపు కారవచ్చు, సిరల్లో పడి ఊపిరితిత్తులకు చేరవచ్చు.

కాలిఫోర్నియా ఎముకల సర్జన్ మార్క్ రైలీ మరోలా ఆలోచించాడు: ముందు చోటు చేసి, తర్వాత నింపుదాం. వీపు వైపునుంచి సన్నని గొట్టం ద్వారా ముడిచిన బెలూన్‌ని పూసలోకి పంపుతారు. అందులో గాలి నింపరు, ఎక్స్‌రేలో కనబడే ద్రవం నింపుతారు. గాలి నొక్కితే కుదించుకుపోతుంది. ద్రవం దాదాపు కుదించుకుపోదు, అందుకే సర్జన్ ఎంత పంపితే బెలూన్ అంతే పెరుగుతుంది. పొరపాటున చిట్లినా గాలి బుడగ రక్తంలోకి పోయే భయం లేదు. కారు టైరులో పీడనం సుమారు 30 పీఎస్‌ఐ. ఈ బెలూన్లలో అది 300 దాకా పోవచ్చు. పీడనం అన్ని వైపులా సమానమే అయినా, ఎదురు తక్కువున్న చోటికే బెలూన్ విస్తరిస్తుంది. నలిగిన పుల్లలు పక్కలకు ఒత్తుకుని గోడలా గట్టిపడతాయి. విరుపు కొత్తదైతే కుంగిన పైకప్పు కొంత లేస్తుంది కూడా. తర్వాత బెలూన్ తీసేసి, ఏర్పడిన ఖాళీలోకి చిక్కటి సిమెంటును తక్కువ ఒత్తిడితో పంపుతారు. చిక్కగా ఉంది కనుక కారే ముప్పు తగ్గుతుంది. ఇది కైఫోప్లాస్టీ. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది.

2009లో వర్టెబ్రోప్లాస్టీకి గట్టి పరీక్ష ఎదురైంది. రెండు పరిశోధనల్లో కొందరు రోగులకు మత్తు సూది వేసి, సిమెంటు ఎక్కించకుండా దాని వాసన మాత్రం గదిలో వ్యాపించేలా చేశారు. సిమెంటు ఎక్కించినవాళ్లకీ వీళ్లకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. నాకు ఈ ప్రయోగం బెలూన్ అంత అందంగా కనిపిస్తుంది. 2016లో ఆస్ట్రేలియా పరిశోధన మాత్రం ఆరువారాల లోపు విరుపు, తీవ్రమైన నొప్పి ఉన్నవాళ్లకి మేలు చూపింది. 2018లో నెదర్లాండ్స్ పరిశోధన మళ్లీ తేడా లేదంది.

అందుకే ఇప్పుడు ముందుగా ఎంఆర్‌ఐలో ఎముకలోపల వాపు ఉందా, విరుపు తాజాదేనా అని చూస్తారు. సిమెంటు ఒక్క పూసనే నిలబెడుతుంది. మిగతా పూసలు విరగకుండా ఉండటానికి ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం, రోజూ వేసుకునే టెరిపారటైడ్ వంటి మందులు వేరేగా మొదలుపెట్టాలి.