ఇంట పట్టిన పాట, విన్నవారి మాట

మన బాలబాలికలు నేడు పాటలు తామే వ్రాసి, కీబోర్డు శ్రుతితో పాడి, చేతిఫోనులో పట్టి బంధుమిత్రులకు వినిపించుచున్నారు. విన్నవారు చెప్పు మాటను పిల్లలెట్లు గ్రహింపవలెనో, మన మేమి చెప్పవలెనో తల్లిదండ్రులకు విన్నవింపదలచితిని.

మా యింటి బాలిక గత సంవత్సరము తిరుత్తణి ఆడికృత్తిక కావళ్లపై రెండు చరణముల పాట వ్రాసినది. విన్న అవ్వ, "బాగుండాది గానీ, మాటలేవీ తెలీలేదే" అనెను. పిల్ల చిన్నబోయి, గొంతు హెచ్చించి మరల పాడి పట్టినది. ఈ సారి చెవులు గింగురుమన్నవే గాని మాట తెలియలేదు.

వినువానికి బాధ నిజముగా తెలియును. బాధకు కారణము మాత్రము తెలియవలెనని లేదు. కడుపునొప్పి చెప్పుట రోగి పని, మందు వెదకుట మన పని. కావున వాదింపక, "ఏ చరణములో, ఏ మాటయొద్ద?" అని యడుగవలెను. ముగ్గురు ఒకే చోటు చూపినచో అచ్చట దోష మున్నట్లే. ఒక్కరికి మాత్రము రాగము రుచింపనిచో నమస్కరించి యూరకుండవచ్చును.

దోషము కలుపుటలోనిదా, రచనలోనిదా యని తేల్చుటకు సులభమైన పరీక్ష కలదు. వాద్యమును పూర్తిగా ఆపి గొంతు నొక్కదానినే వినవలెను. అప్పుడు మాట తెలిసినచో లోపము మిక్సింగుది, అనగా గొంతును వాద్యములను కలిపిన పాళ్లది. గొంతు పెంచుటకంటె వాద్యము తగ్గించుట మేలు; మితిమీరి పెంచిన ధ్వని పగులును. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడిన గ్రామఫోను పలకలనాడు కలుపుయంత్రములే లేవు. 1925లో విద్యుత్పద్ధతి వచ్చువరకు, రికార్డింగు కొమ్మునకు ఎవరు చేరువ, ఎవరు దూరము అనుటే మిక్సింగు. ఒక్క ఫోనే యున్న యింట నేటికిని ఆ యుపాయమే చాలును: గాయని ఫోనుకు దగ్గర, కీబోర్డు నాలుగడుగుల దూరము. ఉత్తగోడల గదిలో మారుమ్రోత మాటను మ్రింగును గనుక రెండు దుప్పట్లు వ్రేలాడదీయుడు. పాత ప్రతిని, క్రొత్త ప్రతిని సమానమైన ధ్వనితోనే పోల్చవలెను; హెచ్చుగా మ్రోగునది చెవికి మేలుగా తోచి మోసగించును.

వాద్య మాపినను మా పిల్ల పాటలో రెండు మాటలు తెలియలేదు. అవి రచనలోని దోషములు. మొదటిది "మెట్లు". సంయుక్తాక్షరము ముందున్న హ్రస్వము గురువే యైనను, దాని బరువు హల్లులో నున్నది గాని అచ్చులో లేదు. తాళము నింపుటకై ఆమె అచ్చును సాగదీయగా అది "మేట్లు" అయినది. సాగదీయవలసిన చోట దీర్ఘమున్న మాటనే కూర్చవలెను. పాటను రాగము లేక తాళము వేయుచు చదివినచో ఇట్టివి వెంటనే బయటపడును.

రెండవది నన్నెక్కువగా కలతపెట్టినది. ఆమె "గాలి" అనుటకు "కాలి" అని పాడినది. చూడగా పాటను తమిళలిపిలో వ్రాసుకొన్నది. ఆ లిపిలో రెంటికి ఒకే అక్షరము. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరుజిల్లా విడిచి మదరాసు రాష్ట్రమున చేరినది మొదలు, మన పిల్లలకు నోట తెలుగు, చేత తమిళము అలవాటగుచున్నది. తమిళము చక్కగా నేర్చుట మంచిదే; కాని తెలుగుపాటను తెలుగక్షరములతో వ్రాసుకొననిచో గకార దకారములు మెల్లగా జారిపోవును. ఇది ఏ యంత్రముచేతను దిద్దుట కలుగదు. "భేషు" అని పొగడి యూరకుండక, ఆ కాగితము నొకసారి తెప్పించి చూడుడని నా మనవి.

పాటను తెలుగులో తిరిగి వ్రాసి, "మెట్లు" మార్చి, వాద్యము తగ్గించి అవ్వకు మరల వినిపించితిమి. ఆమె తుదిదాక విని, "కావళ్లు కొండెక్కేది చెప్పినావు, దిగేది చెప్పలేదే పాపా" అనెను. పిల్ల యిప్పుడు మూడవ చరణము వ్రాయుచున్నది.