ప్రగతి పుస్తకం మీద సంతకం పెట్టే ముందు

దీపావళి సెలవుల ముందు ఒకసారి, ఎండాకాలం సెలవుల ముందు ఒకసారి మన షోలాపూర్ పేటల్లో పిల్లలు ప్రగతి పుస్తకం ఇంటికి తెస్తారు. ఆ వేళకు తండ్రి సాంచా మీద ఉంటాడు, తల్లి బీడీ కార్ఖానాకు పోయి ఉంటుంది. చాలా ఇండ్లల్లో అది తాతకో అవ్వకో చేరుతుంది. నేనూ ఆ తాతల్లో ఒకణ్ణి, నాలుగో తరగతి చదివి మిల్లులో చేరినవాణ్ణి. మనుమరాలి కోసం పాలక్ సభలకు పోయి, బాయిని అడిగి అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను. ఇంగ్లీషు గురించే రాస్తాను, మనవాళ్ళకు ఎక్కువ భయం దాని మీదనే గనక.

మరాఠీ బడిలో ఇంగ్లీషు ఉండదని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. మహారాష్ట్రలో 2000 సంవత్సరం నుంచి మరాఠీ మాధ్యమం బడుల్లో కూడా ఒకటో తరగతి నుంచే ఇంగ్లీషు చెబుతున్నారు. అంతకు ముందు అయిదో తరగతిలో మొదలయ్యేది. కాబట్టి ఇంగ్లీషు కోసమే అప్పు చేసి ప్రైవేటు బడికి మార్చాలనుకునేవాళ్ళు, ముందు ఇప్పటి బడిలో ఏం చెబుతున్నారో కనుక్కోండి.

ఒకటో తరగతి పిల్లల తల్లులు ఎక్కువగా అనే మాట: "ఇంగ్లీషు నోటుబుక్కు ఖాళీగా ఉంది, బాయి ఏమీ చెప్పడం లేదు." మొదట్లో పాటలు, ఆటలు, నిలబడు, కూర్చో, తలుపు చూపించు లాంటి మాటలే ఎక్కువ ఉంటాయి. భాష ముందు చెవికి ఎక్కాలి, తర్వాత నోటికి, ఆ తర్వాతే కంటికి, చేతికి. మన పిల్లలు తెలుగు నేర్చింది కూడా అట్లనే కదా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ పట్టుకున్న పిల్లకు మూడో భాష రాకుండా పోదు. ఇంగ్లీషు రావాలని ఇంట్లో తెలుగు మాట్లాడడం ఆపొద్దు.

ఇంకో చిక్కు ఉంది. మన అక్షరాలకు పేరూ పలుకూ ఒక్కటే. 'క' అని పిలుస్తాం, 'క' అనే పలుకుతాం. మరాఠీలోనూ అంతే. ఇంగ్లీషులో అట్లా కాదు. 'సి' అని పిలిచే అక్షరం 'క్యాట్'లో 'క్' అని పలుకుతుంది. 'ఎచ్' అని పిలిచేది 'హెన్'లో 'హ్' అంటుంది. అందుకే ఏబీసీడీలు గడగడా చెప్పే పిల్ల కూడా చిన్న మాట దగ్గర ఆగిపోతుంది. అక్షరాల పేర్లు వస్తే సరిపోదు, పలుకులు రావాలి. బాయి పలుకులు నేర్పుతుంటే ఇంట్లో మనం పేర్లే చెప్పించి తికమక పెట్టొద్దు.

ఇక మార్కుల సంగతి. 2010లో వచ్చిన ప్రభుత్వ నిర్ణయం ప్రకారం పిల్లలను రెండు విధాల చూస్తారు. ఒకటి ఆకారిక్, రెండోది సంకలిత్. మన పనితో పోల్చి చెబుతాను. సాంచా నడిపేవాడు పోగు తెగితే అక్కడే ఆపి అతుకుతాడు. అది ఆకారిక్. తాను మొత్తం నేసినాక ఫోల్డింగులో పరచి తప్పులు చూస్తారు. అది సంకలిత్. ఆకారిక్‌లో రోజూ క్లాసులో గమనించడం, నోటితో చెప్పించడం, చదివించడం, ఇంటిపని, చిన్న ప్రాజెక్టు లాంటివి వస్తాయి. సంకలిత్ సత్రం చివర జరిగే పరీక్ష. ఒకటి, రెండు తరగతుల్లో నూటికి 70 మార్కులు ఆకారిక్‌వి, 30 పరీక్షవి. మూడు, నాలుగు తరగతుల్లో 60, 40.

ఈ లెక్క మనకు ఎందుకంటే, పెండ్లికనో జాతరకనో పిల్లను పదిహేను రోజులు ఊరికి తీసుకుపోయి, పరీక్షకు మాత్రం తెచ్చి కూర్చోబెడితే సరిపోదు. సగానికంటే ఎక్కువ మార్కులు ఆ రోజువారీ పనిలోనే ఉన్నాయి.

పుస్తకంలో మార్కుల బదులు శ్రేణి ఉంటుంది. 91 నుంచి పైకి అ-1, 81 నుంచి 90 దాకా అ-2. అట్లా పదేసి మార్కులకు ఒక మెట్టు దిగుతూ బ-1, బ-2, క-1, క-2. 33 నుంచి 40 దాకా డ. 21 నుంచి 32 దాకా ఇ-1, అంతకు తక్కువైతే ఇ-2. డ గానీ, ఇ గానీ కనిపిస్తే పిల్లను కొట్టొద్దు. బాయి దగ్గరికి పోవాలి.

"ఎట్లాగూ పాస్ చేస్తారు" అని ధీమాగా ఉండేవాళ్ళకు ఒక మాట. 2023లో మహారాష్ట్రలో నియమం మారింది. అయిదో తరగతిలో, ఎనిమిదో తరగతిలో సంవత్సరం చివర పరీక్ష పాస్ కావాలి. తప్పితే రెండు నెలల్లోపు మళ్ళీ పరీక్ష పెడతారు. అందులోనూ తప్పితే అదే తరగతిలో ఉంచుతారు. నాలుగేళ్ళు పట్టించుకోకుండా అయిదో తరగతిలో ట్యూషన్ పెడితే పోగులన్నీ ఒక్కసారి అతకలేము.

పాలక్ సభలో "మా పిల్ల ఎట్లా చదువుతోంది?" అని అడిగితే "బాగానే ఉంది" అంటారు. అట్లా కాకుండా మూడు మాటలు అడగండి. ఇంగ్లీషులో వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం ఈ నాలుగింట్లో దేంట్లో వెనకబడింది? దానికి బడిలో ఏం చేస్తున్నారు? ఇంట్లో మేం ఏం చేయాలి? ఇట్లా అడగడానికి మనకు ఇంగ్లీషు రానవసరం లేదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి శాళా వ్యవస్థాపన సమితిలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. మన అక్కచెల్లెళ్ళు అందులో కూర్చోవాలి.

ఇంట్లో రోజూ పది నిమిషాలు చాలు. పిల్ల చేత ఇంగ్లీషు పాఠం గట్టిగా చదివించండి. ఒక్కో వాక్యం అర్థం తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే పాఠం ఎక్కినట్టు, చెప్పలేకపోతే బట్టీ పట్టినట్టు. ఆగిన చోట పెన్సిలుతో చిన్న గీత పెట్టించండి. సభకు పోయేటప్పుడు ప్రగతి పుస్తకంతో పాటు ఆ గీతలున్న పాఠం పుస్తకం కూడా పట్టుకుపోయి బాయికి చూపించండి. సంతకం ఆ తర్వాత పెట్టండి.