కారింది కూలెంటు, పాడైంది వైరింగు

చలికాలంలో లంబసింగి మంచు చూడడానికి వచ్చే కార్లు చాలావరకు నర్సీపట్నం మీదుగానే పోతాయి. డౌనూరు దాటాక ఘాట్ రోడ్డు. సముద్ర మట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తుకు ఎక్కాలి. కొండ దిగి వచ్చిన రెండు రోజులకు మీటరులో ఇంజను బొమ్మ దీపం వెలుగుతుంది. ఆపిన కారులో ఫ్యాను ఆగకుండా తిరుగుతుంది. ఇంకో రోజు ఎక్సిలేటరు తొక్కినా బండి లాగదు. స్కానరు పెడితే ఒకదానితో ఒకటి పొంతన లేని కోడ్లు నాలుగు కనిపిస్తాయి. సెన్సరు మారుస్తారు, కోడ్లు చెరిపేస్తారు, వారం తిరక్కుండా మళ్లీ అదే వరస. ఇలాంటి బండి విషయంలో మొదట అడగాల్సింది వైరింగు గురించి కాదు. కూలెంటు డబ్బాలో మట్టం ఎంతుంది? ఈమధ్య ఎన్నిసార్లు నీళ్లు పోశారు?

నీళ్ల గొట్టానికీ కరెంటు తీగకూ ఏం సంబంధం అనిపించవచ్చు. కూలెంటు అంటే నీరు, ఇథిలీన్ గ్లైకాల్, వాటితో పాటు తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు. శుద్ధమైన నీరు కరెంటును పెద్దగా మోయదు, ఒట్టి గ్లైకాల్ కూడా అంతే. ఆ రసాయనాలు కలిశాక మోస్తుంది. పైగా గ్లైకాల్ నీటిలా త్వరగా ఆరదు. గాలిలోని తేమను లాక్కుంటూ తీగలను కలిపే కప్లరులో జిడ్డుగా నిలిచిపోతుంది. కొన్నాళ్లకు పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది.

ఇంజను వేడిని కొలిచే సెన్సరునే తీసుకోండి. దాని మొన కూలెంటులో మునిగి ఉంటుంది, తల మీద కప్లరు. వేడి పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. ఆ తగ్గుదలను బట్టి ఇంజనును నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, లెక్క కడుతుంది. పిన్నుల మధ్య కూలెంటు చేరితే కరెంటుకు పక్కదారి దొరుకుతుంది, నిరోధం తగ్గినట్టు కనిపిస్తుంది. ఇంజను కాగిపోతోందనుకుని ఈసీయూ ఫ్యాను వేస్తుంది. అదే పిన్నులు చిలుము పట్టి నిరోధం పెరిగితే, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పంపుతుంది, మైలేజీ పడిపోతుంది. చాలా కార్లలో అనేక సెన్సర్లకు 5 వోల్టుల సరఫరా ఒకే చోటి నుంచి పోతుంది. ఒక కప్లరులో అది షార్టయిందంటే, బాగున్న సెన్సర్లు కూడా తప్పు లెక్కలు చెబుతాయి. పొంతన లేని ఆ నాలుగు కోడ్లు ఇలాగే వస్తాయి.

సెన్సరు లోపలి సీలు పోతే మరీ కష్టం. కూలెంటు తీగ తొడుగు లోపలికి దూరి, రాగి పోగుల సందుల్లోంచి, వత్తి నూనె పీల్చినట్టు పాకుతూ పోతుంది. బయట ఒక్క చుక్క కనబడదు. ఈసీయూ దాకా చేరితే వందల్లో తేలే ఖర్చు వేలల్లోకి పోతుంది. సెన్సరు కప్లరు తడిగా ఉంటే, ఆ తీగ రెండో కొసన ఉన్న కప్లరు కూడా విప్పి చూడమని మెకానిక్‌ను పట్టుబట్టి అడగండి.

ఇదంతా ఘాట్‌లోనే ఎందుకు మొదలవుతుంది? నిండా మనుషులతో, చిన్న గేరులో ఎక్కేటప్పుడు ఇంజనుకు పని ఎక్కువ, రేడియేటరుకు తగిలే గాలి తక్కువ. లోపలి ఒత్తిడి బయటి గాలి కంటే సుమారు 1 బార్ దాకా పెరుగుతుంది. ఆ ఒత్తిడి వల్లే లోపల ఒట్టి నీరు కూడా సుమారు 120 డిగ్రీల దాకా మరగదు. మైదానంలో బాగానే ఉన్న పాత హోసు ఆ ఒత్తిడికి నోరు తెరుస్తుంది, చల్లారాక మూసుకుంటుంది. ఇంటి ముందు నేల పొడిగానే ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటరుకు చేతిపంపుతో ఒత్తిడి ఎక్కించి చూస్తే గాని ఆ లీకు చాలాసార్లు దొరకదు. కోడ్లు చెరిపించే ముందు ఆ పరీక్ష చేయించండి.

లంబసింగి చలికి హీటరు వేసేవారు డాష్‌బోర్డు లోపల ఉండే చిన్న రేడియేటరును గుర్తుంచుకోవాలి. అది కారితే తియ్యటి వాసన వస్తుంది, అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంది, కాళ్ల దగ్గర కార్పెట్ తడుస్తుంది. ఏసీ నీరు కారినా కార్పెట్ తడుస్తుంది, కానీ దానికి ఆ జిడ్డు ఉండదు. చాలా కార్లలో ఫ్యూజు పెట్టె, కంట్రోలు యూనిట్లు ఆ చుట్టుపక్కలే ఉంటాయి.

పేరున్న కంపెనీల కార్లకు ఈ బాధ ఉండదనుకోవద్దు. వాటర్ పంపు కప్లరు సీలు సరిగా లేక, తడి చేరితే షార్టయ్యే ప్రమాదం ఉందని బీఎండబ్ల్యూ 2024లో అమెరికాలో 7,20,000కు పైగా కార్లను వెనక్కి పిలిచింది.

తడిసిన కప్లరును పైపైన తుడిచి గ్రీసు పూయడం మన దగ్గర మామూలు. అది లోపలి తేమకు మూత పెట్టడమే. బ్యాటరీ తీగ తీసి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, కాంటాక్ట్ క్లీనరు కొట్టి, పూర్తిగా ఆరాక బిగించాలి. దారిలో వేరే గతి లేకపోతే, ఇంజను చల్లారాక బోరు నీళ్లయినా పోయండి, ఇంజను కాలిపోవడం కంటే నయం. ఊరు చేరగానే తీయించి సరైన కూలెంటు పోయించండి. కారిన కూలెంటును కడిగేయండి. అది తియ్యగా ఉండే విషం, పిల్లలూ కుక్కలూ నాకే ప్రమాదం ఉంది.

మీటరు సూదిని నమ్ముకోకండి. కూలెంటు బాగా తగ్గితే సెన్సరు చుట్టూ ద్రవమే ఉండదు. సూది సగంలోనే నిలబడి ఉండగా ఇంజను మాడిపోవచ్చు. కొండెక్కే రోజు తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉన్నప్పుడే బానెట్ ఎత్తి, డబ్బా మీది రెండు గీతల మధ్య మట్టం ఉందో లేదో చూడండి. తగ్గితే పోసి ఊరుకోకండి. ఎటు పోయిందో తెలిశాకే బయల్దేరండి.