గిరీశం వేషానికి కథానాయకుడు

పాత్రకు నటుడు నప్పలేదంటే అతనికి నటన రాదని అర్థం కాదు. 1955లో పి. పుల్లయ్య తీసిన ‘కన్యాశుల్కం’లో గిరీశం వేషం ఎన్.టి. రామారావుది. సంభాషణ పలకడంలో ఆయనకు లోటేమీ లేదు. చిక్కు ఆయన వెంట వచ్చిన ప్రతిష్ఠతోనే. 1951లో ‘పాతాళభైరవి’ చూసిన జనానికి ఆయన సాహసి, చివరకు గెలిచేవాడు. గిరీశమో, నోరు తప్ప ఆస్తి లేనివాడు. పూటకూళ్లమ్మ చీపురుకు జడిసి మంచం కింద దూరే రకం. ఆ విగ్రహం తెరమీద కనబడగానే ప్రేక్షకుడు గిరీశం దగాను చిలిపితనం కింద జమకడతాడు. అదే చిత్రంలో లుబ్ధావధాన్లు వేసిన గోవిందరాజుల సుబ్బారావుకు ఈ ఇబ్బంది లేదు. నాటకరంగంమీద ఆ వేషంతోనే పేరు పొందిన ఆయన వెంట తెరమీదికి పాత్రే వచ్చింది, తార రాలేదు.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన తగవు కాదు. 1881లో మన రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించి వీరేశలింగం వెలిని భరించాడు. ఆ ఉద్యమం మాటలనే అరువు తెచ్చుకుని గిరీశం బుచ్చమ్మను లేవదీసుకుపోతాడు. వాణ్ణి చూసి మనం ముచ్చటపడితే గురజాడ కొట్టిన దెబ్బ ఎవరికి తగిలినట్టు?

సావిత్రి మధురవాణి సంగతి వేరు. ఆ పాత్రకు ఆకర్షణే ప్రాణం. తార తెచ్చిందీ అదే.